కాటూరు నుంచి సత్యవేడు దాకా: కంప్యూటరు చదువు నడిచిన దారి

1960వ సంవత్సరంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సంగతులు జరిగాయి. ఏప్రిల్ 1న, పటాస్కర్ సిఫార్సుల మేరకు, అప్పటివరకు మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి చిత్తూరు జిల్లాలో చేరింది. బదులుగా తిరుత్తణి అటు వెళ్ళింది. అదే ఏడాది బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో మన దేశీయులే నిర్మించిన టిఫ్రాక్ కంప్యూటరు లాంఛనంగా పని మొదలుపెట్టింది. అదే ఏడాది చిత్తూరు జిల్లాకే చెందిన ఒక యువకుడు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎం.టెక్. ముగించి, అక్కడి ఐ.బి.ఎం.లో ఉద్యోగానికి కుదిరారు. ఈ మూడు దారులూ ఒకచోట కలవడానికి మరో యాభై మూడేళ్ళు పట్టింది.

ఆ యువకుడు దబ్బాల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డి. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరు ఆయన స్వగ్రామం. 1958లో మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో పుచ్చుకున్న పట్టా సివిల్ ఇంజనీరింగులో. కంప్యూటరు శాఖ అనేది ఆనాటి మన కళాశాలల్లో లేనే లేదు. అమెరికాలో సైతం పర్డ్యూ విశ్వవిద్యాలయంలో తొలి కంప్యూటర్ సైన్సు విభాగం వెలసింది 1962లోనే. స్టాన్‌ఫర్డులో ఆ విభాగం ఏర్పడిన మరుసటి ఏడాది, 1966లో, జాన్ మెకార్తీ వద్ద రాజ్ రెడ్డి డాక్టరేటు పూర్తిచేశారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఆసియా నుంచి ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే. కాటూరు కుర్రవాడికి ఈ విద్య దొరకాలంటే సముద్రాలు దాటవలసి వచ్చిందన్నమాట.

మరి ఆ కాలంలో మన సీమలో ఏముంది? అనంతపురం ఇంజనీరింగు కళాశాల 1946 నాటిది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోను, దాని ఇంజనీరింగు కళాశాల 1959లోను ఏర్పడ్డాయి. ఆనకట్టలు, విద్యుత్తు, యంత్రాలు ఆనాటి దేశావసరాలు, చదువులూ వాటి వెంటే నడిచాయి. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 వచ్చాక గాని కంప్యూటరును తరగతిగదిలో నేర్పడం దేశంలో ఊపందుకోలేదు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడి టి.డి.సి.-12 వంటి యంత్రాలను తయారుచేసింది. తెలుగునేలపై కంప్యూటరు తయారయిందన్న సంగతి నేటి విద్యార్థులలో ఎందరికి తెలుసో!

ఈ విద్యకు మొదటినుంచీ రెండు వాకిళ్ళున్నాయి. ఒకటి ఎలక్ట్రానిక్సు వైపుది. సున్న, ఒకటి అనే రెండు స్థితులతో మొదలై, తర్క ద్వారాలు, వాటితో కూడిక చేసే వలయాలు, విలువను నిలుపుకునే ఫ్లిప్‌ఫ్లాపులు, వాటి వరుసలైన రిజిస్టర్లు, చివరకు ప్రాసెసరు వరకు మెట్టుమెట్టుగా ఎక్కే దారి. ప్రయోగశాలలో 8085 కిట్ ముందు కూర్చుని, పదహారు మూలంగా గల సంఖ్యలలో ఆదేశాలు ఒక్కొక్కటే నొక్కినవారికి ఈ దారి రుచి తెలుసు. రెండవది గణితం వైపుది. క్రమవిధులు, సి భాష, దత్తాంశ నిర్మాణాలు, కంపైలరు మీదుగా కిందికి దిగే దారి. యంత్రానికి ఇచ్చే ఆదేశం దగ్గర ఈ రెండూ కలుసుకుంటాయి. ఆ కూడలిని చూడనివాడు ప్రోగ్రాము రాయగలడు గాని, అది యంత్రంలో ఏమవుతుందో చెప్పలేడు. మన జె.ఎన్.టి.యు.లు డిజిటల్ సిస్టమ్స్ అండ్ కంప్యూటర్ ఎలక్ట్రానిక్స్ పేరిట ఒక ఎం.టెక్. నడిపింది ఈ కూడలి కోసమే.

ఇక సత్యవేడుకు వద్దాం. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల నేలపై 2008లో శ్రీసిటీ పారిశ్రామిక నగరం ఆరంభమయింది. కేంద్రం, రాష్ట్రం, పరిశ్రమ 50:35:15 నిష్పత్తిలో ఖర్చు పంచుకొని ఐ.ఐ.ఐ.టి.లు నెలకొల్పే పథకం 2010లో ఆమోదం పొందింది. దాని కింద 2013లో శ్రీసిటీ ఐ.ఐ.ఐ.టి. మొదలయింది. హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. దానికి మార్గదర్శి. 1998లో పుట్టిన ఆ హైదరాబాదు సంస్థ పాలకమండలికి చిరకాలం అధ్యక్షులుగా ఉన్నది మన కాటూరు రాజ్ రెడ్డే. 1960 నాటి దారులు కలిసింది ఇక్కడే. కంప్యూటర్ సైన్సు, ఎలక్ట్రానిక్సు అనే రెండు శాఖలతోనే, అంటే పైన చెప్పిన రెండు వాకిళ్ళతోనే, ఈ సంస్థ తెరుచుకుంది. 2017 నాటి చట్టం దీనికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా ఇచ్చింది. 2022లో సత్యవేడు కొత్త తిరుపతి జిల్లాలోకి మారింది.

మైళ్ళ దూరం ఇలా తరిగిపోయింది. మరో దూరం మాత్రం మిగిలే ఉంది. 2015లో షియోమీ తన తొలి భారతీయ తయారీ ఫోనును ఇదే శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ చేత కూర్పించింది. ఒకే నేలపై ఒకచోట ఫోను భాగాలను కూర్చే పని, మరొకచోట ఆ భాగాల లోపలి తర్కాన్ని బోధించే తరగతి. ఊరి పిల్లలు వీటిలో ఏ గేటు లోపలికి వెళతారన్నదే అసలు ప్రశ్న. ఐ.ఐ.ఐ.టి.లో చోటు అఖిల భారత స్థాయి జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకుతో దొరికేది. ఏళ్ళ తరబడి శిక్షణ కొనుక్కోగలవారిదే అందులో పైచేయి. ప్రహరీ పక్కనే ఇల్లున్నంత మాత్రాన ర్యాంకు రాదు.

ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నాలు లేకపోలేదు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పల్లె పిల్లలను పదవ తరగతి మార్కుల ఆధారంగా తీసుకొని ఆరేళ్ళు చదివించే ఏర్పాటు చేసింది. దాని వెనుక ఉన్న ఆలోచనలోనూ రాజ్ రెడ్డి పాత్ర ఉంది, తొలి కులపతి ఆయనే. 2021 నుంచి జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తోంది. అయితే ప్రశ్న తెలుగులో చదివి లోపలికి వెళ్ళిన పిల్లవాడికి పాఠం ఆంగ్లంలోనే ఎదురవుతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటరు, డిగ్రీ పాఠ్యగ్రంథాలను తెలుగులో తెచ్చింది. ఆ పైమెట్టుకు అలాంటి ఊతం దాదాపు లేదు.

ఫ్లిప్‌ఫ్లాపు ఎలా పనిచేస్తుందో సత్యవేడు ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలుగులో విడమరచి చెప్పడం అసాధ్యమేమీ కాదు. ఒక మంచి పుస్తకం, నాలుగు దీపాలు, రెండు స్విచ్చులు చాలు. ఆ పని పక్కనున్న సంస్థలోని విద్యార్థులు చేయవచ్చు, తెలుగులో రాయగల మనమూ చేయవచ్చు. భవనాలు, చట్టం, హోదా ఊరిదాకా వచ్చాయి. మిగిలిన దూరాన్ని పూడ్చవలసినది భాషే.