అసలూ కొసరూ: కారు బీమా కథ

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన వాన చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లవారేసరికి మా అపార్టుమెంటు సెల్లారులో మోకాలి పైదాకా నీళ్ళు. కార్లన్నీ నిలిపిన చోటనే నానుతున్నాయి. పై అంతస్తు పెద్దాయన ఒకరు ఓపిక పట్టలేక, బండిని గట్టెక్కిద్దామని తాళం తిప్పారు. నా బండీ ఆ నీళ్ళలోనే ఉంది. కంగారులో తాళంచెవి దొరకక నేను తిప్పలేదు. నా వివేకం అంతే! తరువాత నా మరమ్మతు ఖర్చులో చాలా భాగం బీమా సంస్థ భరించింది. ఆయన ఇంజనుకు మాత్రం చిల్లిగవ్వ రాలేదు. "వరదకు బీమా ఉంది కదయ్యా" అని ఆయన. "వరదకు ఉందండీ, తాళం తిప్పినందుకు లేదు" అని వారు. విచిత్రమేమంటే ఇద్దరి మాటా నిజమే.

ఈ విచిత్రం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలంటే కొంత వెనక్కు నడవాలి.

మోటారు బీమా ఓడల బీమా ఒడిలో పెరిగింది. రెండు శతాబ్దాలకు పైగా ఓడలకూ సరుకులకూ పూచీ పడుతూ వచ్చిన లండను లాయిడ్స్‌వారు 1904లో తొలిసారి ఒక మోటారు కారుకు పాలసీ వ్రాశారు. అప్పటికి అది సంపన్నుల ముచ్చట. కార్లు పెరిగి, దారిన పోయేవారు వాటి కింద పడడం మొదలయ్యాక ప్రశ్న మారింది. కారుగల వాని నష్టం సంగతి సరే, కాలు విరిగిన కూలివాని గతి ఏమిటి? బ్రిటనులో 1930 నాటి రోడ్డు రవాణా చట్టం దానికి జవాబు చెప్పింది. పరుల నష్టానికి బీమా లేనిదే బండి రోడ్డెక్కరాదన్నది. మన దేశంలో 1914 నాటి మోటారు వాహనాల చట్టంలో ఈ నిర్బంధం లేదు. 1939 చట్టంలో చేరింది. ఆ అధ్యాయం అమలులోకి వచ్చింది మాత్రం 1946 జూలై 1న. ఆ చట్టం స్థానంలో 1988 చట్టం వచ్చినా ఈ నియమం చెక్కుచెదరలేదు.

కాబట్టి చట్టం దృష్టిలో అసలు బీమా మన కారుకు కాదు, మన కారు వల్ల దెబ్బ తిన్నవారికి. మన సొట్టలూ గీతలూ మన ఇష్టం, మన జేబు. చాలామంది వాహనదారులకు నేటికీ తెలియని సంగతి ఇదే.

మన జేబును కాపాడే భాగానికి వేరే చరిత్ర ఉంది. 1968లో బీమా చట్టాన్ని సవరించి టారిఫ్ సలహా సంఘాన్ని ఏర్పరచారు. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయమై, 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ సంస్థలుగా కుదురుకున్నాయి. సలహా సంఘం ఏ ధర చెబితే అదే ధర, ఏ మాట వ్రాస్తే అదే పాలసీ. కలకత్తాలో కొన్నా కర్నూలులో కొన్నా ఒకటే కాగితం. బేరం లేదు, ఎంపికా లేదు.

2002 జూలై 1 నుంచి అమలైన టారిఫ్ పుస్తకంలో సొంత నష్టాన్ని గురించిన అధ్యాయం తెరిస్తే, ముందు వరాలు కనిపిస్తాయి: అగ్ని, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, తుపాను, ప్రమాదం. ఆ వెంటనే మినహాయింపులు. పర్యవసాన నష్టం, తరుగు, అరుగు, యంత్ర వైఫల్యం, విద్యుత్ వైఫల్యం: వీటికి సంస్థ బాధ్యత వహించదు. మా పెద్దాయన ఇంజను మునిగింది ఈ వాక్యంలోనే. నీళ్ళు బండిలోకి రావడం వరద. నీరు గాలిలాగా అణగదు గనుక, అది సిలిండరులో చేరాక ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అది పర్యవసానం!

ఇక తరుగు. బంగారం కొట్లో ఈ మాట వినని తెలుగువారుండరు. బీమాలో దాని లెక్క ఇది. ప్లాస్టిక్కు, రబ్బరు, టైర్లు, బ్యాటరీలకు 50 శాతం, ఫైబర్ గ్లాసుకు 30 శాతం, అద్దాలకు సున్న. లోహపు భాగాలకు బండి వయసును బట్టి, తొలి ఆరు నెలలు ఏమీ లేకుండా మొదలై పదేళ్ళు దాటితే 50 శాతం దాకా. 20,000 రూపాయల ప్లాస్టిక్ బంపరు మార్చితే 10,000 మనదే. పైగా ప్రతి క్లెయిములోనూ మనం విధిగా భరించవలసిన మొత్తం వేరు.

1999 చట్టంతో నియంత్రణ సంస్థ వచ్చింది, 2000 నుంచి ప్రైవేటు సంస్థలు వచ్చాయి. 2007 జనవరి 1న సొంత నష్టపు ధరలకు సంకెళ్ళు తెగాయి. పాలసీ మాటలు మాత్రం పాతవే నిలిచాయి. 2009 నుంచి ఆ పాత కాగితానికి అదనపు రక్షణలను జతచేసి అమ్ముకోవచ్చని అనుమతి లభించింది. అవే నేటి యాడ్ ఆన్లు. నేను వాటిని కొసర్లంటాను. కూరల కొట్టువాడి కొసరు ఉచితం, ఈ కొసరుకు కాసులు పోయాలి, అంతే తేడా.

పాత మినహాయింపులను ముందు పెట్టుకుని చూడండి, ప్రతి కొసరూ అందులోని ఒక్కొక్క మాటను కొనివేయడమే. 'తరుగు'ను కొంటే జీరో డిప్రిసియేషన్. 'పర్యవసాన నష్టా'న్ని కొంటే ఇంజను రక్షణ. 'అరుగు' పక్కనే మరుగుపడిన ఆయిలు, నట్లు, బోల్టుల ఖర్చును కొంటే కన్స్యూమబుల్స్. బండి పూర్తిగా పోయినప్పుడు ఇచ్చే విలువలోనూ తరుగుంది. రెండేళ్ళు దాటి మూడేళ్ళ లోపు బండికి 30 శాతం కోత, అనగా పది లక్షల బండికి ఏడు లక్షలే. ఆ కోతను కొంటే రిటర్న్ టు ఇన్వాయిస్.

ఇలా చూస్తే ఎంపిక సులువవుతుంది. అడగవలసినది "ఏ కొసరు మంచిది?" అని కాదు, "ఏ మినహాయింపు నన్ను ముంచగలదు?" అని. కొత్త బండికి, అందునా కొత్తగా నడిపేవారికి, తరుగు కొసరు తప్పనిసరి అని నా అభిప్రాయం. బండి పాతబడితే చాలా సంస్థలు దానిని ఇవ్వనే ఇవ్వవు. ఏడాదికి ఇన్నే క్లెయిములన్న హద్దూ ఉంటుంది, చూసుకోవాలి. సెల్లారులో, పల్లంలో నిలిపేవారికి ఇంజను రక్షణ. 2015లో చెన్నై, 2024లో బుడమేరు పొంగినప్పుడు బెజవాడ నేర్పిన పాఠమది. అప్పు చేసి కొన్న బండికి ఇన్వాయిస్ కొసరు. బండి పోయినా వాయిదాలు పోవు కదా! పదేళ్ళ బండికి ఇవేవీ అక్కరలేదు. ఆ డబ్బు బ్యాంకులో వేసుకోవడమే మేలు.

మా పెద్దాయన ఇప్పుడు కొత్త బండి కొన్నారు, అన్ని కొసర్లతోనూ. మొన్న వాన పడ్డప్పుడు ఆయన మెట్ల మీద నిలబడి సెల్లారులోకి చూస్తున్నారు. "ఇంజను కొసరు ఉందిగా, ఇంకేం భయం?" అన్నాను. "ఉంది, అయినా తాళంచెవి మా ఆవిడకిచ్చి దాచమన్నాను" అన్నారు. ఇంతకన్నా చవకైన కొసరు నాకింతవరకూ తారసపడలేదు.