వెళ్ళిపోయిన ఆరు వందల పన్నెండు గోత్రాలు

పెనుగొండ కథ ఎవరు చెప్పినా అగ్నిగుండాల దగ్గరికి వచ్చి ఆగుతారు. నూట మూడు గుండాలు, నూట రెండు గోత్రాల దంపతులు, వాళ్ళందరికీ ముందు నడిచిన ఆడపిల్ల. ఆ మంటల వెలుగుకు కళ్ళు చెదిరి, అంతకు ముందు జరిగిన సభను మనం సరిగా చూడలేదు. నా దుఃఖం ఆ సభ గురించి. పద్దెనిమిది పట్టణాల వైశ్యులు, 714 గోత్రాల పెద్దలు ఒకే ప్రశ్న మీద కూర్చున్నారు, రెండు ముక్కలై లేచారు. పెనుగొండ కూలింది ఆ రోజునే. గుండాలు తవ్వింది తర్వాత.

గాథ ఇలా నడుస్తుంది. వేంగి దేశంలో, వశిష్ఠ గోదావరికి చేరువలో ఉన్న పెనుగొండ ఆ రోజుల్లో పద్దెనిమిది పట్టణాలకు ముఖ్యపట్టణం. ఏలిక కుసుమ శ్రేష్ఠి, ఆయన ఇల్లాలు కుసుమాంబ. రాజమహేంద్రవరంలో ఉన్న చాళుక్య రాజుకు కప్పం కడుతూ, తన వాళ్ళ తగవులు తాను తీరుస్తూ, నగరేశ్వర స్వామిని కొలుస్తూ బతికిన పెద్దమనిషి ఆయన. చాలాకాలం పిల్లలు లేరు. గురువు భాస్కరాచార్యుల మాట మీద పుత్రకామేష్టి చేస్తే కవలలు పుట్టారు. పిల్లవాడు విరూపాక్షుడు, పిల్ల వాసవి.

ఈ పాలన ఎలాంటిదో ఒక్కసారి ఆలోచించండి. కత్తి పట్టి గెలుచుకున్న రాజ్యం కాదు. తరాజు పట్టిన వాళ్ళు, బండ్ల మీదా పడవల మీదా సరుకు తిప్పిన వాళ్ళు, ఊరూరా ఉన్న బంధువుల నమ్మకాన్ని పోగేసి కట్టుకున్న పెత్తనం. ఒక పట్టణంలో సెట్టి రాసిచ్చిన చీటీ ఇంకో పట్టణంలో చెల్లాలంటే మధ్యలో సైన్యం పనిచేయదు. చుట్టరికం ఉండాలి, మాట ఉండాలి. పద్దెనిమిది పట్టణాలను కలిపి ఉంచిన బలగం అదే. అది తెగితే కోట గోడలు ఎంత ఎత్తున ఉన్నా ఒకటే.

ఆ చాళుక్య రాజు విష్ణువర్ధనుడు దండయాత్రలు ముగించుకుని పెనుగొండ మీదుగా వచ్చాడు. ఊరంతా తోరణాలు కట్టి ఎదురేగింది. ఆ సన్మానంలోనే రాజు వాసవిని చూశాడు. పిల్లను తనకిచ్చి పెళ్ళి చేయమని మంత్రిని పంపాడు. రాజుకు అప్పటికే భార్య ఉంది, వయసు మీరింది, కులం వేరు. పిల్లకు అసలు సంసారం మీదే మనసు లేదు. కుసుమ శ్రేష్ఠి కాదనలేకపోయాడు, ఔననలేకపోయాడు. బంధువులతో మాట్లాడి చెబుతానని గడువు అడిగి పద్దెనిమిది పట్టణాలకూ కబురు పెట్టాడు.

సభలో రాజుకు పిల్లనివ్వమన్న వాళ్ళు 612 గోత్రాల వాళ్ళు. ఇవ్వకూడదన్న వాళ్ళు 102.

ఈ లెక్కను మనం ఇంతకాలం ఒకే రకంగా చదివాం. 102 గోత్రాల వాళ్ళు ధీరులు, 612 గోత్రాల వాళ్ళు పిరికివాళ్ళు. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు. ఎక్కువమంది ఎందుకు ఒప్పుకున్నారో ఊహించడం కష్టం కాదు. రాజుతో వైరం పెట్టుకుంటే సుంకపు చావడి దగ్గర బండి ఆగుతుంది. రేవులో పడవ కదలదు. దారి దోపిడీకి అడిగే నాథుడు ఉండడు. కొట్లు తగలబడితే, అప్పులిచ్చిన పత్రాలు బూడిదైతే ఆ ఇళ్ళలోని ఆడపిల్లల గతి ఏమిటి? ఒక పిల్లను ఇచ్చి వేల మంది పిల్లలను కాచుకుందామన్న తండ్రులు కూడా ఆ గుంపులో ఉండి ఉంటారు. వాళ్ళ లెక్క తప్పే. మన పిల్ల ఇష్టానిష్టాలను తూకంలో ఒక పడికట్టుగా పెట్టడమే ఆ తప్పు. కానీ భయం, ఆలుబిడ్డల మీద ప్రేమ ఒకే గుండెలో ఉంటాయి. కుసుమ శ్రేష్ఠి ఒప్పించవలసింది వాళ్ళను. వాళ్ళు తిరిగి ఒప్పించవలసింది ఆయనను. ఆ పని జరగలేదు. 612 గోత్రాల వాళ్ళు లేచి, ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

మిగిలిన 102 గోత్రాలూ రాజుకు కాదని కబురు పంపాయి. రాజు బతిమాలాడు, ఆశ పెట్టాడు, విడదీయచూశాడు, చివరికి దండు పంపాడు. మొదటి దండును సెట్లు తిప్పికొట్టారంటుంది గాథ. అప్పుడు రాజు తానే కదిలాడు, ఈసారి పెద్ద సేనతో. ఆ సేనకు ఎదురు నిలవడానికి 714 గోత్రాలు ఉండి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను వదలదు. గెలిచేవాళ్ళని అనను. కానీ పద్దెనిమిది పట్టణాలు ఒక్కమాట మీద అంగళ్ళు మూసేస్తే రాజమహేంద్రవరానికి ఉప్పు, నూనె, గుడ్డ, దండుకు గింజలు ఎక్కడి నుంచి వచ్చేవి? వర్తకుడి చేతిలో ఉన్న అసలు ఆయుధం అది. సభ విరిగినప్పుడే ఆ ఆయుధమూ విరిగింది.

ఇక మిగిలింది ఒంటి మీది ప్రాణం. వాసవే ఆ మాట అన్నదంటారు. తన ఒక్కదాని కోసం ఇంత నెత్తురు పారవద్దంది. యుద్ధం వద్దు, లొంగుబాటూ వద్దు, అగ్నిప్రవేశం చేస్తానంది. నా వెంట ఎవరు వస్తారని అడిగితే 102 గోత్రాల నుంచి ఒక్కొక్క జంట ముందుకొచ్చింది. మాఘ శుద్ధ విదియ నాడు, బ్రహ్మకుండమన్న చోట నూట మూడు గుండాలు రగిలాయి. ప్రవేశించే ముందు ఆమె తన వాళ్ళకు కట్టడులు చెప్పిందని, మేనరికం విడవవద్దన్నదని పెద్దలు చెబుతారు. మేనమామ కూతురిని చేసుకోవడం ఈ వైశ్యుల్లో, అంటే కోమట్లలో, తప్పనిసరి ధర్మంగా నిలవడానికి మూలం ఇదేనంటారు. బయటి రాజు చూపు పడకముందే పిల్ల సంబంధం ఇంట్లోనే ఖాయమైపోవాలన్న భయం అందులో నాకు వినిపిస్తుంది. తల్లులు తరతరాలు కట్టుకున్న గోడ అది.

విష్ణువర్ధనుడు పెనుగొండ చేరి, జరిగింది విని, తల పగిలి చచ్చాడు. తర్వాత ఆయన కొడుకు రాజరాజనరేంద్రుడు వచ్చి విరూపాక్షుడి ముందు తలవంచి క్షమించమన్నాడు. విరూపాక్షుడు పగ వద్దన్నాడు. శత్రువు కొడుకు ఇంటికి వచ్చాడు, క్షమ దొరికింది.

ఈ గాథ పక్కన చరిత్రను పెట్టి చూస్తే, విష్ణువర్ధనుడన్నది తూర్పు చాళుక్యుల్లో ఎందరో రాజులు ధరించిన బిరుదు. గాథ చెప్పినట్టు ఆయన రాజరాజనరేంద్రుడి తండ్రి అయితే చరిత్రలో ఆ చోట ఉన్నది విమలాదిత్యుడు. ఆ ఇంటి సంగతీ చెప్పాలి. సింహాసనం కోసం రాజరాజనరేంద్రుడికి, సవతి తమ్ముడు విజయాదిత్యుడికి ఏళ్ళ తరబడి పోరు. ఒకరికి చోళుల అండ, ఇంకొకరికి కల్యాణి చాళుక్యుల అండ. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజు తన ఇంట్లోనే దాయాదుల పోరు చూడవలసి వచ్చింది. ఆయన కొడుకు 1070లో కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కాక వేంగి ఒక మండలంగా మిగిలింది. ఆ ఒక్క గోదావరి ఒడ్డున ఏలినవాళ్ళూ, ఏలుబడిలో ఉన్నవాళ్ళూ అంతర్గత చీలికతోనే చితికారు.

సభ నుంచి వెళ్ళిపోయిన వాళ్ళు ఏమయ్యారు? 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం కోమట్లలో గవర, కళింగ, బేరి, త్రైవర్ణిక వంటి శాఖలను వేరువేరుగా నమోదు చేసింది. ఈ శాఖల పుట్టుకను జనం పెనుగొండ సభతోనే ముడిపెట్టి చెప్పుకున్నారు. అమ్మవారిగా కొలిచే వాసవి వెంట నిలిచిన వాళ్ళు ఒక తెగ, నిలవని వాళ్ళు ఇంకో తెగ. వీళ్ళింటి పిల్లను వాళ్ళు చేసుకునేవాళ్ళు కాదు. వాళ్ళింటి భోజనం వీళ్ళు తినేవాళ్ళు కాదు. ఉత్తరాంధ్రలో, గంజాం వైపు ఉన్న కళింగ కోమట్లు దూరపు చుట్టాలు కూడా కాకుండా పోయారు. ఒక్క మధ్యాహ్నం పుట్టిన మాటతేడా తొమ్మిది వందల ఏళ్ళు గోత్రాల గోడగా నిలిచింది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. నైజీరియా తూర్పున ఇగ్బోలు ఉన్నారు. చాలామటుకు రాజులు లేకుండా, ఊరి సభలో కూర్చుని తేల్చుకునే జాతి. 1967 మే 30న వాళ్ళ నాయకుడు ఓజుక్వు బయాఫ్రాను వేరే దేశంగా ప్రకటించాడు. 1970 జనవరిలో యుద్ధంలో ఓడిపోయి లొంగిపోయే నాటికి లక్షల మంది చనిపోయారు, వాళ్ళలో ఆకలితో పోయిన పిల్లలు ఎందరో. ఓటమి తర్వాత పోర్ట్ హార్కోర్ట్ చుట్టుపక్కల ఉన్న ఇక్వెర్రే వాళ్ళలో చాలామంది మేం ఇగ్బోలం కామన్నారు. భాష దగ్గరిది, పేర్లు దగ్గరివి, అయినా ఓడిన వాళ్ళతో చుట్టరికం చెప్పుకుంటే ఉన్నది పోతుందన్న భయం. 1976లో ఒహనేజ్ న్డిగ్బో అన్న పెద్ద సంఘం పెట్టి అందరినీ ఒక గొడుగు కిందికి తేవాలని చూశారు. ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది. పెనుగొండ సభ నుంచి లేచి వెళ్ళిన మనిషి ముఖం ఎలా ఉండి ఉంటుందో ఇక్వెర్రే వాళ్ళ సంగతి చదివినప్పుడు నాకు కొంత అర్థమైంది.

మన వైపు మళ్ళీ కలిపే ప్రయత్నాలు జరగలేదని కాదు. మచిలీపట్నంలో ఆంధ్రదీపిక నిఘంటువు కూర్చిన మామిడి వెంకయ్య నాటికే కోమట్లు తమ వైశ్యత్వాన్ని నిరూపించుకోవడానికి పోరాడుతున్నారు. వేదోక్తంగా కర్మలు చేసుకునే హక్కు మీద నడిచిన వ్యాజ్యం 1845లో లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. తర్వాత సంఘాలు, సత్రాలు, విద్యార్థి వసతి గృహాలు వచ్చాయి. రాయలసీమ ఊళ్ళలో అమ్మవారిశాల చుట్టూ బజారు మొత్తం అల్లుకుంది. 1961లో హైదరాబాద్‌లో వాసవి క్లబ్ పుట్టింది. డబ్బు పోగైంది, దానం పోగైంది. రాజకీయ బలం మాత్రం అంతగా పోగవలేదు. ఊరికి పది ఇళ్ళుగా చెదిరి ఉన్న కులం ఎక్కడా ఒకచోట గుంపుగా ఓటు వేయలేదు. శాఖలు విడిగా ఉంటే ఆ పది ఇళ్ళూ నాలుగుగా విడిపోతాయి.

అయినా ఆ కులం నుంచి వచ్చిన ఒక మనిషి తెలుగు రాజకీయాన్నే మార్చేశాడు. పొట్టి శ్రీరాములు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశాడు. 1952 అక్టోబర్ 19న మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్ష మొదలుపెట్టాడు. 58 రోజులకు, డిసెంబర్ 15న చనిపోయాడు. వాసవి తన వాళ్ళ కోసం ఒళ్ళు కాల్చుకుంది. శ్రీరాములు కోరినది ఏ గోత్రానికీ సంబంధించినది కాదు, మొత్తం తెలుగువాళ్ళది. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది, ఆయన ప్రాణం పోయిన మద్రాసు నగరం మాత్రం రాలేదు.

2009 సెప్టెంబరులో అదే కులానికి చెందిన కొణిజేటి రోశయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినప్పుడు కోమటి బజార్లలో ఎంత సంబరం జరిగిందో గుర్తున్నవాళ్ళకు గుర్తుంటుంది. మూడు నెలలకే, డిసెంబర్ 9న ఢిల్లీ ప్రత్యేక తెలంగాణ ప్రకటన చేసింది. ఒక వైపు వాళ్ళు ఉండలేమన్నారు, ఇంకో వైపు వాళ్ళు విడిపోవద్దన్నారు. 2010 నవంబర్ 24న ఆయన పదవి వదిలాడు. కుసుమ శ్రేష్ఠి కూర్చున్న పీట మీదే మళ్ళీ ఒక సెట్టి కూర్చుని, లేచిపోతున్న సభను చూశాడని నాకు అనిపించింది. తెలంగాణ వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, వాటిని తీసిపారేసే హక్కు కోస్తావాడికి లేదు. నా బాధ విడిపోయినందుకు కాదు, విడిపోయే ముందు ఒకరి మాట ఒకరు పూర్తిగా వినలేదని.

ఇప్పుడు పెనుగొండలో అమ్మవారి పంచలోహ విగ్రహం చాలా దూరం నుంచే కనబడుతుంది. 2025 జనవరి 31న, ఆత్మార్పణ దినాన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వచ్చి ప్రభుత్వం తరపున పట్టువస్త్రాలు సమర్పించారు. రాజమహేంద్రవరం రాజు పెట్టిన బాధకు రాజ్యం ఇన్ని శతాబ్దాలకు తలవంచినట్టే. మంచిదే.

కానీ రాజరాజనరేంద్రుడికి దొరికిన క్షమ, లేచి వెళ్ళిన అన్నదమ్ములకు దొరికిందా? విరూపాక్షుడు శత్రువు కొడుకుతో పగ వద్దన్నాడని గాథ ఎంతో గౌరవంగా చెబుతుంది. ఆరు వందల పన్నెండు గోత్రాలకు ఆయన కబురు పెట్టిన సంగతి, నేను విన్న కథల్లో ఎక్కడా రాలేదు. పెనుగొండ గుడిలో సంఘ పెద్దలున్నారు, పెద్ద ఉత్సవాలు నడిపే శక్తి ఉంది. వచ్చే మాఘ శుద్ధ విదియకు కళింగ వైశ్యులను, బేరి వాళ్ళను, త్రైవర్ణికులను వాళ్ళ ఊళ్ళకు వెళ్ళి బొట్టు పెట్టి పిలవమని ఆ పెద్దలను అడుగుతున్నాను. మాకు గుండం దగ్గర చోటు ఉందా అని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో కూడా ముందే మాట్లాడుకోండి. ఎందుకంటే అడుగుతారు.