అనాబ్-ఎ-షాహి, అరామోన్, సనత్‌నగర్ సీసా: హైదరాబాదు ద్రాక్ష వైన్‌గా మారకపోవడంపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదు పరిసరాలు ఒక శతాబ్దం పాటు దక్షిణ భారతదేశంలోని ముఖ్యమైన ద్రాక్ష సాగు ప్రాంతాల్లో ఒకటిగా ఉన్నాయి. నగరంలోని సనత్‌నగర్‌లో గాజు సీసాల కర్మాగారం వెలసింది. ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల్లో పుట్టిన తెగుళ్ల మందు ఇక్కడి రైతుకు నిత్యావసరమైంది. అయినా ఇక్కడ వైన్ పరిశ్రమ ఏర్పడలేదు. ఇందుకు సాధారణంగా చెప్పే వాతావరణ కారణం అసంపూర్ణమని, పన్నుల విధానం, శ్రామికుల పానీయపు అలవాట్లు, భూమి ధర అంతకన్నా బలంగా పనిచేశాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌దొక్ ప్రాంత చరిత్రను ఇందుకు పోలికగా తీసుకుంటుంది.

కీలకపదాలు: ద్రాక్ష, అనాబ్-ఎ-షాహి, సనత్‌నగర్, ఆబ్కారీ, లాంగ్‌దొక్, బోర్డో మిశ్రమం.

1. ఉపోద్ఘాతం

సనత్‌నగర్, మోతీనగర్‌ల మధ్య ఒక దారి పేరు గ్లాస్ ఫ్యాక్టరీ రోడ్డు. 1942లో స్థాపితమైన హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌తో పారిశ్రామిక ప్రాంతంగా గుర్తింపు పొందిన ఈ వైపునే 1972లో అసోసియేటెడ్ గ్లాస్ ఇండస్ట్రీస్ ఏర్పడింది. 1981లో దానిని హిందుస్థాన్ శానిటరీవేర్ సంస్థ తీసుకున్నది. ఆ మాతృసంస్థే 2022లో ఏజీఐ గ్రీన్‌ప్యాక్ అయింది. ఇసుక, సోడా యాష్, సున్నపురాయి, పగిలిన గాజు పెంకులు కలిపి సుమారు 1,500 డిగ్రీల వేడిలో కరిగించి మందులకు, ఆహార పదార్థాలకు, మద్యానికి సీసాలు చేయడం ఈ పరిశ్రమ పని.

ఈ కర్మాగారం మొదలైన కాలంలో నగరానికి ఏ వైపు వెళ్లినా ద్రాక్ష పందిళ్లు కనిపించేవి. మేడ్చల్, శామీర్‌పేట, ఘట్‌కేసర్, హయత్‌నగర్, శంషాబాదు ప్రాంతాలు ఇందుకు ప్రసిద్ధి. పండు ఉంది, సీసా ఉంది, కొనేందుకు పెద్ద నగరం ఉంది. ఈ మూడూ ఉన్న చోట వైన్ ఎందుకు పుట్టలేదన్నది తెలంగాణ ఆర్థిక చరిత్రలో అంతగా చర్చకు రాని ప్రశ్న. ప్రాచీన ఆలంకారికులు కవిత్వపు మార్దవానికి ద్రాక్షాపాకమని పేరు పెట్టారు. వైద్యులు ద్రాక్షారిష్టం కాచారు. కనుక ద్రాక్ష పులియడం ఇక్కడి వారికి తెలియని విద్య కాదు.

2. అధిక దిగుబడి గల రెండు ద్రాక్షలు

అనాబ్-ఎ-షాహి అంటే రాచద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ దీనిని హైదరాబాదుకు పరిచయం చేశాడని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఇది పొడవైన తెల్లని కాయ, గింజలున్నది, గుత్తి పెద్దది. తీగ ఎంత బలంగా పాకుతుందంటే దీనికి పందిరి తప్పనిసరి. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు అల్లి, ఎర్ర చెలకల్లో బావి నీటితో పెంచిన ఈ పంటకు పెట్టుబడి ఎక్కువే, రాబడి అంతకన్నా ఎక్కువ. హెక్టారుకు 35, 40 టన్నులు రావడం సాధారణం. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపు, ఎండాకాలం ముంగిట కోత. 1935లో నిర్మితమైన మొజంజాహి మార్కెట్‌లోనూ, ఆ తరువాత కొత్తపేట వద్ద గడ్డిఅన్నారం మార్కెట్‌లోనూ ఈ పండుకు ఎదురైన గిరాకీయే దాని భవిష్యత్తును నిర్ణయించింది. బజారులో తినే పండుగా మంచి ధర పలికే సరుకును తక్కువ ధరకు పిండి పులియబెట్టవలసిన అవసరం రైతుకు కలగలేదు.

పులియబెట్టినా వచ్చేది పలుచని వైన్. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తేనే 1 శాతం ఆల్కహాలు వస్తుంది. అనాబ్-ఎ-షాహి పండులో తీపి 14 నుంచి 16 శాతం వరకే ఉంటుంది. కనుక ఆల్కహాలు 8, 9 శాతానికి మించడం కష్టం. దీనిని ఆధారం చేసుకొని, ఈ జాతి వైన్‌కు పనికిరాదు గనుకనే ఇక్కడ వైన్ పరిశ్రమ రాలేదని తేల్చడం పరిపాటి. ఆ తీర్పు ఎంత తొందరపాటో లాంగ్‌దొక్ చరిత్ర చూపుతుంది.

మధ్యధరా తీరంలో నార్బాన్, బెజియే, మోంపెలియే నగరాల చుట్టూ ఉన్న లాంగ్‌దొక్ మైదానాన్ని 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆక్రమించిన ద్రాక్ష పేరు అరామోన్. దాని గుణాలు చదివితే అనాబ్-ఎ-షాహి వర్ణన చదివినట్లే ఉంటుంది: విపరీతమైన దిగుబడి, తక్కువ తీపి, పలుచని రసం. సారవంతమైన నేలల్లో హెక్టారుకు 200 హెక్టోలీటర్లకు పైగా వైన్ ఇచ్చేది. ఆ వైన్‌కు రంగూ బలమూ చాలక అల్జీరియా వైన్ కలిపి అమ్మేవారు. అయినా అదే జాతి ఒక ప్రాంతాన్నంతా పోషించింది, ఫ్రాన్సులో చాలాకాలం అత్యధికంగా సాగయింది. కారణం రుచి కాదు. దక్షిణాన్ని పారిస్‌తో కలిపిన రైలు మార్గం ఒకటి, ఉత్తరాది గనుల్లో, మిల్లుల్లో పనిచేసే శ్రామికులు వైన్‌ను భోజనంలో భాగంగా తాగడం మరొకటి. పలుచని వైన్‌కు కూడా రోజువారీ మార్కెట్ ఉన్నది. కనుక లోపం జాతిది అనడం చాలదు. హైదరాబాదు శ్రామికుడు ఏమి తాగేవాడో చూడాలి.

3. కల్లు ఆక్రమించిన స్థానం

హైదరాబాదు శ్రామికుని పానీయం కల్లు. తాటి, ఈత చెట్ల నుంచి గీసిన కల్లుకు గానుగ అక్కరలేదు, పీపా అక్కరలేదు, సంవత్సరాల నిల్వ అక్కరలేదు. కుండలోనే గంటల్లో పులుస్తుంది. సనత్‌నగర్ వంటి పారిశ్రామిక వాడల్లో కార్మికుల సాయంత్రాలకు కల్లు కాంపౌండు కేంద్రమైంది. అరామోన్ వైన్ ఉత్తర ఫ్రాన్సులో నింపిన స్థానాన్ని ఇక్కడ కల్లు ముందే నింపింది. ఇప్పసారా, తరువాత విస్కీ, బ్రాందీ ఆపై అంచులను ఆక్రమించాయి.

రాజ్యం చూపు కూడా ఆ చెట్ల మీదనే ఉన్నది. నిజాం రాజ్యంలో ఆబ్కారీ రాబడి ఖజానాకు ప్రధాన ఆధారాల్లో ఒకటి. 1316 ఫసలీ నాటి హైదరాబాదు ఆబ్కారీ చట్టం ఈ వ్యవస్థకు రూపమిచ్చింది. గీసే చెట్టుకు గుర్తు వేసి, లెక్కించి, పన్ను కట్టించుకోవడం ఆబ్కారీ అధికారి పని. పందిరి మీది ద్రాక్ష ఆయన పరిధిలోనిది కాదు. అది తోట, పండు, మేవా.

1316 ఫసలీ అంటే 1906-07. యాదృచ్ఛికమే అయినా అదే 1907లో లాంగ్‌దొక్ భగ్గుమన్నది. ఉత్పత్తి మితిమీరి, చక్కెర కలిపి చేసిన కల్తీ వైన్ మార్కెట్‌లోకి వచ్చి, ధర కుప్పకూలింది. మార్చి 11న అర్జెలియే గ్రామం నుంచి 87 మంది ద్రాక్ష రైతులు నార్బాన్‌కు నడిచి వెళ్లి పార్లమెంటు సంఘం ముందు మొరపెట్టుకున్నారు. వారికి నాయకుడు మార్సెలిన్ ఆల్బేర్ అనే చిన్న కాఫీ దుకాణదారు. జూన్ 9న మోంపెలియేలో 5 లక్షల మందికి పైగా గుమికూడారు. ప్రధాని క్లెమాన్సో సైన్యాన్ని దింపాడు. నార్బాన్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. స్థానిక యువకులతో నిండిన 17వ పదాతి దళంలోని సైనికులు తిరుగుబాటు చేసి బెజియేకు నడిచారు. జూన్ 29న వచ్చిన చట్టం చక్కెర వాడకంపై అదనపు సుంకం విధించింది. అంతకన్నా ముఖ్యంగా, ప్రతి రైతూ తన ద్రాక్షతోట విస్తీర్ణాన్ని, ఆ ఏటి ఉత్పత్తిని, నిల్వను ప్రకటించాలని నిర్దేశించింది. బెజియే సమీపంలోని మరోసాన్ గ్రామంలో 1901లోనే మొదలైన సహకార సంఘపు నమూనా ఆ తరువాత ప్రాంతమంతా వ్యాపించింది.

హైదరాబాదు రాజ్యం తాటిచెట్లను లెక్కించిన కాలంలో ఫ్రెంచి రాజ్యం ద్రాక్ష తీగలను లెక్కించడం మొదలుపెట్టింది. పన్ను వేసిన దానినే ప్రభుత్వాలు పరిశ్రమగా గుర్తిస్తాయన్నది ఇక్కడ తేటతెల్లం.

4. బోర్డో మిశ్రమం

ఫ్రెంచి ద్రాక్షతోట హైదరాబాదుకు వైన్ రూపంలో రాకపోయినా మందు రూపంలో వచ్చింది. ఫిలోక్సెరా పురుగు తోటలను నాశనం చేయడంతో, దానిని తట్టుకోగల అమెరికా తీగలను ఫ్రాన్సు దిగుమతి చేసుకున్నది. ఆ రాకపోకల్లోనే 1878 ప్రాంతంలో బూజు తెగులు ఐరోపాలో ప్రవేశించింది. బోర్డో నగరానికి ఉత్తరాన ఉన్న మెదోక్ ప్రాంతంలో బాటసారులు పండ్లు కోసుకోకుండా, దారి పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లడం రైతుల అలవాటు. నీలిరంగు చూసి విషమనుకొని జనం దూరంగా ఉండేవారు. ఆ తీగలకే తెగులు సోకలేదని గమనించినవాడు బోర్డో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర ఆచార్యుడు మిల్లార్డే. రసాయన శాస్త్రవేత్త గాయోన్ సహకారంతో ప్రయోగాలు చేసి 1885లో ఫలితాలు ప్రకటించాడు.

అనాబ్-ఎ-షాహి బూజు తెగులుకు తేలికగా లొంగే జాతి. అక్టోబరు కత్తిరింపు తరువాత లేత చిగురు వచ్చే వేళ ఈశాన్య రుతుపవనాల తేమ తోడైతే తోట నిలవదు. కనుక పందిరి కింద బోర్డో మిశ్రమం పిచికారీ చేయడం ఇక్కడి సేద్యంలో విడదీయరాని భాగమైంది. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీరు. రెండింటినీ వేర్వేరుగా కరిగించాలి, ఇనుప పాత్ర వాడరాదు. తయారైన మందులో ఇనుప కత్తి ముంచినప్పుడు దానిపై రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం. ఈ పరీక్ష ద్రాక్ష తోటలను దాటి నిమ్మ, తమలపాకు రైతుల దాకా వెళ్లింది. రాజేంద్రనగర్‌లో 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం వంటి సంస్థల ద్వారా తెలుగు వ్యవసాయ వాఙ్మయంలో స్థిరపడింది. ప్రపంచానికి వైన్ పేరైన బోర్డో తెలుగు రైతు నోట తెగుళ్ల మందు పేరు. మరోవైపు వైన్ దాదాపుగా దొరకని మద్యం దుకాణానికి నగరంలో ‘వైన్స్’ అని బోర్డు. పదాల చరిత్ర పని చేసేవారికి ఈ జంట ఒక ప్రత్యేక అధ్యయనానికి తగినది.

5. దాటిపోయిన సమయం

1980ల నుంచి పొరుగు రాష్ట్రాల్లో పరిస్థితి మారింది. మహారాష్ట్రలోని నారాయణగావ్‌లోనూ, బెంగళూరు సమీపంలోని నందికొండల దిగువనూ ఫ్రెంచి నిపుణుల సహాయంతో వైన్ తయారీ మొదలైంది. నందికొండల తోటలకు బోర్డో ప్రాంతానికి చెందిన మిషెల్ రొలాఁ సలహాదారుగా పనిచేశాడు. ఈ రెండు ప్రాంతాలూ ఉష్ణమండలంలోనివే. ఎత్తు వల్ల రాత్రులు కొంత చల్లగా ఉండటం వాటికి అనుకూలమన్నది నిజం. వాతావరణ వాదంలో నిలిచే భాగం ఇంతవరకే.

ఆంధ్రప్రదేశ్‌లో సరిగ్గా ఆ దశలో రాజకీయ గమనం వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలతో ఊపందుకున్న సారా వ్యతిరేకోద్యమం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలింది. ఆ ఉద్యమం న్యాయమైనది. దానిని వైన్ పరిశ్రమకు అడ్డంకిగా మాత్రమే చూడటం చరిత్రకు అన్యాయం. అయితే మద్యం ప్రశ్నే ఎన్నికల ప్రశ్నగా మారిన రాష్ట్రంలో ద్రాక్షసారాకు ప్రత్యేక విధానం కోరే సందర్భం లేకపోయిందన్నది గమనించాలి. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం ప్రకటించి తమ రాష్ట్రపు ద్రాక్షతో చేసిన వైన్‌కు ఎక్సైజ్ సుంకం నుంచి మినహాయింపు ఇచ్చింది. కర్ణాటక 2007లో అటువంటి విధానం తెచ్చింది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ అనాబ్-ఎ-షాహిని ఇతర జాతులతో సంకరం చేసి వైన్‌కు పనికివచ్చే అర్క సోమ, అర్క హన్స్ రకాలను రూపొందించింది. హైదరాబాదు రాచద్రాక్ష సంతతికి వైన్‌గా మారే యోగ్యత బెంగళూరులో దక్కింది.

అప్పటికి హైదరాబాదు చుట్టూ పందిళ్లు తొలగిపోతున్నాయి. భూగర్భ జలం అడుగంటడం ఒక కారణం. నగరం విస్తరించడం అంతకన్నా పెద్ద కారణం. 2008లో శంషాబాదు విమానాశ్రయం, ఆపై బాహ్యవలయ రహదారి వచ్చాక ఎకరం భూమి ధరతో ఏ పండూ పోటీ పడలేకపోయింది.

6. రెండు పెరికివేతలు, రెండు దస్త్రాలు

ఫ్రాన్సులోనూ ఇప్పుడు తీగలు పెరుకుతున్నారు. ఎర్ర వైన్ వాడకం తగ్గడంతో 2023లో బోర్డో ప్రాంతంలో హెక్టారుకు 6,000 యూరోల పరిహారంతో సుమారు 9,500 హెక్టార్ల తోటలు తొలగించే పథకం వచ్చింది. 2024లో దేశవ్యాప్తంగా హెక్టారుకు 4,000 యూరోలతో మరొకటి వచ్చింది. 2025 ఆగస్టులో లాంగ్‌దొక్‌లోని ఓద్ జిల్లాలో కార్చిచ్చు వేల హెక్టార్లను చుట్టుముట్టినప్పుడు, మంటలకు అడ్డుగా నిలిచే ద్రాక్షతోటలు తగ్గిపోవడమే ముప్పును పెంచిందన్న వాదన స్థానికుల నుంచి గట్టిగా వినిపించింది.

అక్కడ పెరికిన ప్రతి హెక్టారుకూ దరఖాస్తు ఉంటుంది, తనిఖీ ఉంటుంది, చెల్లింపు ఉంటుంది. 1907 నాటి ప్రకటన విధానం నుంచి వచ్చిన అలవాటు అది. మేడ్చల్‌లోనో ఘట్‌కేసర్‌లోనో పందిరి తొలగించిన రైతుకు ప్రభుత్వం పరిహారం ఇవ్వవలసిన పని లేకపోయింది, భూమి కొన్నవాడే ఆ పని చేశాడు. అందువల్ల హైదరాబాదు ద్రాక్షతోటల అంతం ఉద్యానశాఖ వార్షిక గణాంకాల్లో ఒక అంకె తగ్గడంగా మాత్రమే కనిపిస్తుంది. ఏ తోట, ఏ సంవత్సరం, ఏ సర్వే నంబరులో పోయిందో తెలియాలంటే పరిశోధకులు తెరవవలసినవి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లోని విక్రయ దస్తావేజులు, గ్రామ పహాణీలు. పహాణీలో సాగు చేసిన పంటను నమోదు చేసే గడి ఒకటి ఉంటుంది.