పులి మాటున మనిషి: దర్శకుడు వంశీ ఉత్కంఠ శిల్పము

కథ తుదకేమగునో తెలిసియుండియు ఊపిరి బిగబట్టి వినుట పల్నాటి ప్రజకు క్రొత్త విద్య కాదు. కార్తిక మాసమున కారెంపూడిలో వీరారాధనోత్సవములు జరుగునపుడు, వీరవిద్యావంతులు పాడు పల్నాటి వీరచరిత్ర కోడిపోరు ఘట్టమునకు వచ్చిన వేళ, మాచర్లవారి పుంజు ఓడుననియు, ఆ ఓటమి వెనుక నాయకురాలు నాగమ్మ పన్నాగము కలదనియు, పందెము ప్రకారము 7 ఏండ్ల వలస తప్పదనియు ఎరుగని శ్రోత యుండడు. అయినను పుంజులు బరిలో దిగినది మొదలు గెలుపోటములు తేలువరకు గుండె దడదడలాడని శ్రోతయు నుండడు. తెలియనిది హఠాత్తుగా మీదబడుట వలన కలుగునది ఉలికిపాటు మాత్రమే. రానున్న కీడు మనకు తెలిసి, కథలోని మనుష్యులకు తెలియనపుడు కలుగు వేదనయే ఉత్కంఠ.

ఈ భేదమునే చలనచిత్ర ప్రపంచమున సూత్రీకరించి చెప్పినవాడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్. 1899లో లండన్‌లో ఒక కూరగాయల వర్తకుని ఇంట పుట్టి, మూకీ చిత్రముల నడుమ వచ్చు అక్షరఫలకములను తీర్చిదిద్దు కొలువుతో ఆ పరిశ్రమలో అడుగిడి, 1980లో కన్నుమూయునాటికి 50కి పైగా చిత్రములను నిర్మించిన ఆ మహాశిల్పి, 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణమున బల్లక్రింది బాంబు దృష్టాంతము చెప్పెను: బాంబున్న సంగతి ప్రేక్షకునికి తెలియక అది ప్రేలినచో లభించునది కొన్ని క్షణముల దిగ్భ్రాంతి, ముందే తెలిసినచో, బల్లచుట్టు కూర్చున్నవారి పొద్దుపోని కబుర్లు సైతము భరింపరాని నిరీక్షణముగా మారును.

తెలుగుదేశమున అపరాధ పరిశోధనకు పాఠకులు ముందుగానే సిద్ధమై యుండిరి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ అద్దె పుస్తకముల దుకాణములలో ఏలిన కాలమది. తెరమీద 1966లోనే బి.ఎస్. నారాయణ ‘ఆమె ఎవరు?’, ఎం. మల్లికార్జునరావు ‘గూఢచారి 116’ వెలువడినవి. మొదటిది హిందీ ‘వో కౌన్ థీ’కి అనుసరణము కాగా, రెండవదానిని హిందీవారే మరుసటి యేట ‘ఫర్జ్’గా మలచుకొనిరి. అయితే ఈ చిత్రములలో భయమునకు నెలవులు మంచుముసుగులు, రహస్య స్థావరములు, తుపాకులు. మన పల్లె పొలిమేరనుండి, మన అడవినుండి, మన పాటనుండి భయమును పుట్టింపవచ్చునని నిరూపించుటకు మరి రెండు దశాబ్దములు పట్టినది. ఆ పని చేసినవాడు వంశీ.

1956లో గోదావరి సీమలోని పసలపూడిలో జన్మించిన నల్లమిల్లి భామిరెడ్డి, వంశీ అను పేర మొదట కథకుడు, పిమ్మట దర్శకుడు. కె. విశ్వనాథ్, భారతీరాజాల వద్ద సహాయకుడుగా పని నేర్చి, 1982లో తమిళ ‘పాలైవన సోలై’ని ‘మంచుపల్లకి’గా తెలుగుచేసి దర్శకుడైనను, ఆయన స్వకీయ ముద్ర ప్రస్ఫుటమైనది 1984 నాటి ‘సితార’తో. తన నవల ‘మహల్లో కోకిల’నే ఆధారముగా గైకొని, గతమును దాచుకొన్న ఒక నటి, ఆమె విడిచివచ్చిన శిథిలవైభవపు మహలు, ఆ గోడల నడుమ అణగిపోయిన ప్రేమ, వీనిని ఒక్కొక్క పొరగా విప్పుచుపోయిన ఆ చిత్రము ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము నొందగా, గాయని ఎస్. జానకికిని, కూర్పరి అనిల్ మల్నాడ్‌కును కూడ ఆ యేటి జాతీయ పురస్కారములు లభించినవి. ప్రేమకథయే అయినను దాని నడక మాత్రము శోధన నడక: ఈమె ఎవరు, ఏల మౌనము వహించినది, అను ప్రశ్నలే ప్రేక్షకుని చేయిపట్టి నడిపించును.

మరుసటి సంవత్సరమే, 1985లో, ‘అన్వేషణ’ వెలువడెను. సంగీతము పక్షుల కూజితములనుండి ఉద్భవించినదన్న భావన వెంట పరిశోధనకై హేమ అను యువతి (భానుప్రియ) అడవిని చేరును. ఆ అడవిలో మనుష్యులు చచ్చుచుందురు. పులి చంపుచున్నదని లోకము నమ్ముచుండును. కథాబీజము ఇంతియే. కార్తీక్, శరత్‌బాబు, కైకాల సత్యనారాయణ, రాళ్ళపల్లి మొదలగు నటులు ధరించిన పాత్రలలో ప్రతి యొక్కరి మీదను ప్రేక్షకుని చూపు ఒక క్షణమైన అనుమానముతో నిలుచును. తలకోన అడవులలో ఎం.వి. రఘు కెమెరా పట్టిన వెలుగునీడలు, వేటూరి సాహిత్యము, ఇళయరాజా నేపథ్య సంగీతము, ఇవి మూడును కలిసి ఆ అడవిని ఒక పాత్రగా నిలిపినవి. హంతకుడెవరో ఇచట చెప్పుట ధర్మము కాదు. నలుబది యేండ్లు గడచినను ఈ చిత్రమును తొలిసారి చూడబోవువారు ఇంకను కలరు.

ఇందులో విశేషముగా గమనింపదగినది ధ్వని. హిచ్‌కాక్ 1963లో ‘ది బర్డ్స్’ తీసినపుడు సంప్రదాయ నేపథ్య సంగీతమును పూర్తిగా పరిహరించి, యంత్రములపై సృష్టించిన పక్షుల అరుపులతోనే భయమును పోషించెను. అచట పక్షియే ప్రమాదము. వంశీ దానిని తలక్రిందులు చేసెను. ఇచట పక్షి స్వరమునకు మూలము, సౌందర్యమునకు నెలవు. ప్రమాదము మనిషిలో నున్నది. కీరవాణి రాగమున ఇళయరాజా కూర్చిన పాట వినుచు అడవి అందమునకు పరవశించిన చెవియే, మరి కొంతసేపటికి ఎండుటాకు చప్పుడునకు త్రుళ్ళిపడును. పాటను కథకు అడ్డుపుల్లగా భావించు ఉత్కంఠ చిత్రముల నడుమ, పాటచేతనే ప్రేక్షకుని చెవిని సానబట్టి, ఆ పదునునే పిమ్మట భయమునకు వినియోగించుట వంశీ నేర్పు.

నూజెండ్లవంటి సీమలో ఈ కథకు మరింత బలము కలదు. పల్నాడు జిల్లా నైరుతి అంచున, ప్రకాశం జిల్లా పొలిమేర నానుకొనియున్న ఈ మండలము దాటి పడమటికి సాగినచో నల్లమల. ఆ నల్లమలలోనే దేశమునందెల్ల విస్తీర్ణమున పెద్దదైన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యము. అడవి అంచు పల్లెలలో పులి అడుగు కనబడినదన్న ఒక్క మాట చాలు, మేకల మందలు పొద్దుగూకకమునుపే దొడ్డి చేరును; ఎవరును ఋజువడుగరు. అట్టి నమ్మకమును మాటు చేసుకొని ఒక మనిషి తన పాపమును దాచుకొనగలడన్నదే ‘అన్వేషణ’ పన్నిన వల. నగర ప్రేక్షకునికది చమత్కారము; అడవి అంచువానికి సంభావ్యము.

‘అన్వేషణ’ పిమ్మట వంశీ హాస్యమువైపు మరలి ఉత్కంఠను విడనాడెనని చింతించువారు కలరు. సూక్ష్మముగా చూచినచో ఆయన విడిచినది భయమును మాత్రమే. 1986 నాటి ‘లేడీస్ టైలర్’లో తొడమీద పుట్టుమచ్చగల పిల్లకై కథానాయకుడు సుందరము పడు పాట్లు మరియొక అన్వేషణమే. 1989 నాటి ‘చెట్టు కింద ప్లీడర్’ హత్యావ్యవహారమునే నవ్వులతో నడపినది. ఇక 2002 నాటి ‘అవును వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు’ చూడుడు: ఒకే గది, పగలు ఒకరికి, రాత్రి మరొకరికి, అదే గోడలు, అవే వస్తువులు, ఒకరు విడిచిపోయిన చీటీకి మరొకరి జవాబు, గదిలో పరస్పరము అభిమానించువారే వెలుపల ఎదురుపడినచో కయ్యమాడుదురు. ఇద్దరి సంగతియు ఎరిగినవాడు ప్రేక్షకుడొక్కడే. బల్ల క్రిందనున్నది బాంబు కాక ప్రేమ యైనను, నిరీక్షణము మాత్రమదియే.

స్వాతి వారపత్రికలో వెలువడిన ‘మా పసలపూడి కథలు’ చదివినవారికి ఈ విద్య మూలము కొంత బోధపడును: ఏ మాట ఎప్పుడు చెప్పవలెనో, ఎవరికి తెలిసి ఎవరికి తెలియక యుండవలెనో తూచి చెప్పుటయే ఊరి అరుగు మీది కథకుని పెట్టుబడి. నేడు చేతి ఫోనుతోనే లఘుచిత్రములు తీయబూనిన పల్నాటి యువకులు రక్తమునకును, అరుపులకును వెచ్చించు శ్రమలో కొంత ఈ తూకమునకు వెచ్చించుట మేలు. పరికరములు వంశీకి వారికన్న ఎక్కువగానే యుండెను గాని, ‘అన్వేషణ’ను నిలబెట్టినవి అవి కావు, సన్నివేశమునకు పూర్వమే ఈ సంగతి ఎవరికి తెలియును, ఎవరికి తెలియదు అని ఆయన వేసికొన్న లెక్కయే దానిని నిలబెట్టినది. ఆ లెక్కకు ఖర్చు లేదు, గురువులు కారెంపూడిలోనే యున్నారు.