బోడి ఏలక్కాయ ధర: టాప్ రేటు ఒకటి, గీత చూపేది ఒకటి

బోడినాయకనూరులో వేలం ఇంకా ముగియక ముందే ఆనాటి ధర ఫోనుల్లో తిరిగేస్తుంది. ఆ సందేశంలో ఉండేది ఒక్కటే అంకె: టాప్ రేటు. గోడౌనులో పది మూటలు ఉన్న ఇంట్లో ఆ రాత్రి మాటలన్నీ ఆ అంకె చుట్టూనే. ఇప్పుడే అమ్మాలా, ఇంకో నెల ఆగాలా? తేని జిల్లాలో తరాలుగా ఈ వ్యాపారంలో ఉన్న మన కుటుంబాలకు ఇది కొత్త ప్రశ్న కాదు. జవాబు వెతకడానికి కావలసిన లెక్కలు ఇప్పుడు అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని చూసే పద్ధతే చాలామందికి ఇంకా అలవాటు కాలేదు.

బోడిలోనూ, కొండ అవతల ఇడుక్కి జిల్లా పుట్టడిలోనూ జరిగే ఎలక్ట్రానిక్ వేలాల వివరాలను స్పైసెస్ బోర్డు తన వెబ్‌సైటులో పెడుతుంది. తేదీ, వేలం నడిపిన సంస్థ, ఎన్ని లాట్లు, వచ్చిన సరుకు ఎన్ని కిలోలు, అమ్ముడైనది ఎంత, గరిష్ఠ ధర, సగటు ధర అన్నీ అందులో ఉంటాయి. గరిష్ఠ ధర అంటే ఆ రోజు అన్నిటికన్నా మేలైన లాటుకు పడిన ధర. మన మూటలో ఉన్నది ఆ సైజు, ఆ పచ్చదనం ఉన్న కాయ కాకపోతే ఆ అంకెతో మనకు పని లేదు.

2019 ఆగస్టు మొదట్లో పుట్టడిలో కిలో 7,000 రూపాయలు పలికింది అందరికీ గుర్తే. ఆ రోజు సగటు ధర దానికి చాలా దిగువన ఉందన్నది మాత్రం గుర్తున్నవాళ్ళు తక్కువ. 2018 వరదలు, ఆ తర్వాతి ఎండలు తోటల్ని దెబ్బతీసి సరుకు కరువైనందువల్ల వచ్చిన ధర అది. 2022 వచ్చేసరికి సగటు కిలోకు వెయ్యి రూపాయలు కూడా లేదు. 2024 ఎండల తర్వాత మళ్ళీ రెండు వేలు దాటింది. ఈ కొన్నేళ్ళ సగటు ధరను ఒకే గీతగా గీసి, కింద అమ్ముడైన కిలోలను నిలువు పట్టీలుగా పెడితే, సరుకు సన్నగిల్లినప్పుడు ధర ఎలా లేచిందో ఎవరూ చెప్పకుండానే కనిపిస్తుంది. అయితే ఆ గీత జరిగినదాన్నే చూపుతుంది. రేపటి ధర చెప్తానని ఎవరైనా గీత తెచ్చి చూపిస్తే దూరంగా ఉండడమే మేలు.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో పివట్ టేబుల్ వేయడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలుంటే ఒక ఆదివారంలో నేర్పగలరు. రోజూ తనంతట తాను మారే తెర కావాలంటే గూగుల్ లుకర్ స్టూడియో ఉంది. 2022 దాకా దాని పేరు డేటా స్టూడియో. గూగుల్ షీటుకు తగిలిస్తే ఫోనులోనూ చూసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్ కంప్యూటర్లో ఉచితమే గానీ, ఆ తెరను ఇంకొకరితో పంచుకోవాలంటే సాధారణంగా డబ్బు కట్టాలి. టాబ్లో పబ్లిక్ కూడా ఉచితమే. అందులో పెట్టిన లెక్క లోకమంతా చూస్తుంది కాబట్టి వేలం ధరలకు పనికొస్తుంది, మన ఖాతా పుస్తకానికి పనికిరాదు.

చిక్కులు సాఫ్ట్‌వేరులో కాదు, అంకెల్లో వస్తాయి. మొదటిది తేదీ. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే 05-08-2024ను ఆగస్టు 5గా కాక మే 8గా చదువుతుంది. 12 దాటిన తేదీలను మాత్రం తేదీగానే గుర్తించదు. గీత పిచ్చిగా ఎగిరిపడుతుంటే ముందు ఇదే చూడండి. రెండోది, ఏలక్కాయ సంవత్సరం ఆగస్టు నుంచి జూలై వరకు. జనవరి నుంచి డిసెంబరు అని సాఫ్ట్‌వేరు తనంతట తాను విడగొడితే ఒకే పంట రెండు సంవత్సరాలుగా చీలిపోతుంది. సీజన్ అని ఒక కాలమ్ వేరుగా పెట్టుకోవడమే దీనికి మందు.

సగటుల సగటు ఇంకో ఉచ్చు. ఒక వేలంలో 10,000 కిలోలు 2,000 సగటుతో, ఇంకో వేలంలో 40,000 కిలోలు 2,400 సగటుతో పోయాయనుకోండి. రెండు అంకెలు కలిపి సగం చేస్తే 2,200 వస్తుంది. నిజంగా సరుకుకు పడిన సగటు 2,320. కిలోలతో గుణించి, మొత్తం కిలోలతో భాగిస్తేనే సరైన లెక్క.

వేలం లేని రోజు గడి ఖాళీగా వదలాలి, సున్నా వేయకూడదు. 2020లో లాక్‌డౌన్‌తో మార్చి చివర వేలాలు ఆగి మే చివర మళ్ళీ మొదలయ్యాయి. ఆ ఖాళీని దాటి సాఫ్ట్‌వేరు నున్నగా గీత కలిపేస్తే, ఆ రెండు నెలలూ బజారు నడిచిందనే భ్రమ కలుగుతుంది. పట్టీల బొమ్మ సున్నా నుంచి మొదలవుతోందా అన్నదీ చూడాలి. 2,250 నుంచి మొదలుపెడితే 2,300, 2,400ల మధ్య తేడా మూడింతలుగా కనిపిస్తుంది.

ఇంతదాకా బజారు లెక్క. దాని పక్కన మన లెక్క పెట్టినప్పుడే అసలు ఉపయోగం. 500 కిలోలు, కిలో 2,000 రూపాయల చొప్పున, అంటే పది లక్షల సరుకు ఆపి ఉంచాం. అప్పు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ. నెలకు 10,000, కిలోకు 20 రూపాయలు. ఆరు నెలలకు ధర 2,120 అయితేనే చేతి డబ్బు పోకుండా నిలబడతాం. గోడౌను బాడుగ, రంగు తగ్గడం, తూకం తగ్గడం ఇందులో ఇంకా కలపలేదు. ధర గీత మీద ఈ నెలకు 20 రూపాయలు లేచే రెండో గీతను వేయండి. ధర గీత దాని కింద ఉన్నంతకాలం ఆగిన ప్రతి రోజూ నష్టమే. టాప్ రేటు సందేశం ఈ మాట ఎప్పుడూ చెప్పదు.

అప్పు బేరాలకూ ఇదే లెక్క. ఒక కొనుగోలుదారు కిలో 2,100 ఇస్తాడు, డబ్బు మూడు నెలలకు వస్తుంది. ఇంకొకరు 2,060 ఇచ్చి పదిహేను రోజుల్లో కట్టేస్తాడు. అదే వడ్డీతో మొదటివాడి దగ్గర కిలోకు 63 పోయి 2,037 మిగులుతుంది. రెండోవాడి దగ్గర పది రూపాయల చిల్లర పోయి దాదాపు 2,050. ట్యాలీలోని అమ్మకాలూ వసూళ్ళూ ఎక్సెల్‌లోకి దించి, ఒక్కొక్కరూ సగటున ఎన్ని రోజులకు కట్టారో పట్టీలుగా గీస్తే, మంచి రేటు ఇచ్చేవాడని మనం అనుకుంటున్నవాడు ఎక్కడ నిలుస్తాడో తెలుస్తుంది. కొన్ని ఇళ్ళలో ఈ బొమ్మ చూశాక పాత స్నేహాల గురించి మాటలు వస్తాయి, దానికి సాఫ్ట్‌వేరులో మందు లేదు.

ఇక్కడ పేర్లు సరిచేయడమే పెద్ద పని. ఒకే మనిషి చిట్టాలో ఇంటిపేరుతో, బిల్లులో అంగడి పేరుతో, బ్యాంకులో కొడుకు పేరుతో ఉంటాడు. సాఫ్ట్‌వేరుకు వాళ్ళు ముగ్గురు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, అన్ని చోట్లా ఆ నంబరే వాడాలి. ఈ పని ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన కూర్చుంటే తప్ప కాదు. ఎవరు ఎవరి బావమరిదో వాళ్ళకే తెలుసు.

ఆండిపట్టి చీరల వ్యాపారానికి ఏలక్కాయలా రోజూ వేలం ధర ఉండదు గనుక సగటు ధర గీత వేయలేం. ఒక్కో రకం చీర ఎన్ని రోజులు అల్మారాలో కూర్చుందో గీసుకోవచ్చు. చిన్నమనూరు అరటికీ, కంబం ద్రాక్షకూ అయితే లెక్క నెలల్లో కాదు, రోజుల్లో వేసుకోవాలి.