జరగని గతానికి క్రియారూపం: ఫ్రెంచి భూత నిబంధనార్థక పరిణామం

జరగవలసి ఉండీ జరగని పనిని చెప్పడానికి ప్రతి భాషా ఏదో ఒక ఉపాయం కల్పించుకుంటుంది. ‘వర్షం పడి ఉంటే పంట పండి ఉండేది’ అన్న తెలుగు వాక్యంలో వర్షమూ పడలేదు, పంటా పండలేదు. అయినా వాక్యంలో ఎక్కడా వ్యతిరేకార్థక ప్రత్యయం లేదు. లేమిని సూచించే బాధ్యతను క్రియారూపాలే వహించాయి. ఫ్రెంచిలో ఈ పని చేసే రూపాన్ని ‘కొందిస్యొనెల్ పాసే’ అంటారు. దీనిని ఈ వ్యాసంలో భూత నిబంధనార్థకంగా వ్యవహరిస్తున్నాం. పాఠ్యపుస్తకాలు దీనిని ఒక సూత్రంగా బోధించి ముగిస్తాయి. కానీ ఒకే రూపం జరగని పనికీ, గతంలో ఊహించిన భవిష్యత్తుకూ, ధ్రువపడని వార్తకూ ఎందుకు చెల్లుతున్నదో ఆ సూత్రం చెప్పదు. దానికి సమాధానం రూపచరిత్రలో దొరుకుతుంది. ఆ చరిత్రను పరిశీలించి, తెలుగు అనువాదానికి దాని ప్రయోజనాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రూపనిర్మాణం

భూత నిబంధనార్థకం సంయుక్త క్రియ. దీనిలో సహాయక క్రియ నిబంధనార్థక వర్తమాన రూపంలో ఉంటుంది, ప్రధాన క్రియ భూత కృదంతంగా ఉంటుంది. సహాయక క్రియలు రెండు: ‘కలిగి ఉండు’ అనే అర్థమిచ్చే అవ్వార్, ‘ఉండు’ అనే అర్థమిచ్చే ఎత్ర్. అధిక సంఖ్యాక క్రియలు అవ్వార్‌ను గ్రహిస్తాయి. ‘జొరె షాంతే’ అంటే ‘పాడి ఉండేవాణ్ణి’. వచ్చు, పోవు, పుట్టు, చచ్చు వంటి కొన్ని గమన, స్థితిపరిణామ క్రియలూ, ఆత్మార్థక సర్వనామంతో కూడిన క్రియలూ ఎత్ర్‌ను గ్రహిస్తాయి. ‘ఇల్ సెరె వెన్యూ’ అంటే ‘అతడు వచ్చి ఉండేవాడు’. ‘వచ్చు’ వంటి క్రియల్లో కృదంతం కర్తృపదపు లింగవచనాలను అనుసరిస్తుంది కాబట్టి, కర్త స్త్రీ అయితే ‘వెన్యూ’ చివర రాతలో ఒక అక్షరం చేరుతుంది. ఉచ్చారణలో భేదం వినిపించదు.

నిబంధనను తెలిపే ఉపవాక్యం ‘సి’ అనే అవ్యయంతో మొదలవుతుంది. దానిలో పూర్వభూతం, ప్రధాన వాక్యంలో భూత నిబంధనార్థకం ఉండాలన్నది నేటి ప్రామాణిక నియమం. ‘సి జవె స్యూ, జ సెరె వెన్యూ’ అంటే ‘తెలిసి ఉంటే వచ్చి ఉండేవాణ్ణి’ అని అర్థం.

లాటిన్ మూలం

సంస్కృత లాటిన్‌లో నిబంధనార్థకానికి ప్రత్యేక రూపం లేదు. ఆ పనిని సంభావనార్థక రూపాలు నిర్వహించేవి. అనంతర కాలపు వ్యావహారిక లాటిన్‌లో తుమున్నర్థకం పక్కన ‘హబేరె’ అనే క్రియను చేర్చి ‘పాడవలసి ఉంది’ అనే భావాన్ని చెప్పడం వ్యాపించింది. ‘కాంతారె హబెయొ’ కాలక్రమంలో ఒకే పదమై భవిష్యత్తుగా స్థిరపడింది. ఆ హబేరెనే అసంపూర్ణ భూతంలో ఉంచితే ‘కాంతారె హబేబం’ అవుతుంది, అంటే ‘పాడవలసి ఉండేది’. దీని నుంచే ‘షాంతరె’ అనే నిబంధనార్థక రూపం వచ్చింది. నిబంధనార్థకపు అంత్య ప్రత్యయాలు అసంపూర్ణ భూతపు ప్రత్యయాలతో సర్వసమానం కావడానికి కారణం ఇదే.

లిఖిత సాక్ష్యాలు ఈ క్రమాన్ని బలపరుస్తున్నాయి. 842 నాటి స్ట్రాస్‌బర్గ్ ప్రమాణాలలో ‘సల్వరాయ్’ వంటి కొత్త భవిష్యద్రూపాలు ఉన్నాయి. సుమారు 880లో వెలసిన సెయింట్ యులాలీ గీతంలో ‘సోస్తెంద్రెయెత్’ అనే నిబంధనార్థక రూపం కనిపిస్తుంది. హింసలనైనా భరిస్తుంది గాని వ్రతభంగానికి ఒప్పుకోదు అన్న సందర్భంలో ఆ రూపం ప్రయుక్తమైంది.

ఈ దృష్టితో చూస్తే ‘ఒరె’ అనే సహాయక క్రియలోనే హబేరె రెండుసార్లు దాగి ఉంది. ఒకటి తుమున్నర్థకంగా, మరొకటి ప్రత్యయంగా. ‘జొరె యూ’, అంటే ‘నాకు ఉండి ఉండేది’, అనే ప్రయోగంలో కృదంతమూ అదే ధాతువుది కాబట్టి ఒక్క క్రియాపదంలో ఒకే ధాతువు మూడు పర్యాయాలు నిలిచింది. ఇందులో ఏ భాగానికీ స్వతంత్రంగా ‘జరగలేదు’ అన్న అర్థం లేదు. గతంలో నిలబడి ముందుకు చూసే దృష్టి ఒకటి, ఆ ముందున్న పని పూర్తయిందన్న భావన మరొకటి. వర్తమానంలో ఉన్న వక్త ఆ పూర్తికి పూచీ పడకపోవడం వల్లనే అభావార్థం స్ఫురిస్తున్నది.

ప్రాచీన ఫ్రెంచి ప్రయోగాలు

రూపం సిద్ధమైనంత మాత్రాన జరగని గతం దాని వశం కాలేదు. ప్రాచీన ఫ్రెంచిలో ఆ భావానికి అసంపూర్ణ సంభావనార్థకమే ప్రధాన సాధనం. నిబంధన వాక్యంలోనూ, ఫలవాక్యంలోనూ అదే రూపం ఉండేది. అది వర్తమానానికీ గతానికీ కూడా చెల్లేది. కాలనిర్ణయం సందర్భాధీనం.

సుమారు 1100 నాటి ‘రొలాఁ గీతం’లో దీనికి చక్కని తార్కాణం ఉంది. ఆలస్యంగా కొమ్ముబూర ఊదదలచిన రొలాఁను ఒలివియే నిందిస్తాడు. తన మాట నమ్మి ఉంటే ప్రభువు వచ్చి ఉండేవాడని అతని ఆక్షేపణ. అక్కడ నమ్మడానికి సామాన్య అసంపూర్ణ సంభావనార్థకం, రావడానికి కృదంతంతో కూడిన సంయుక్త సంభావనార్థకం వాడబడ్డాయి. గతాన్ని వర్తమానం నుంచి వేరు చేయాలన్న అవసరం భాషలో అప్పటికే తలయెత్తిందనీ, అయితే ఆ భేదం నియమంగా స్థిరపడలేదనీ ఈ ఒక్క వాక్యం తెలుపుతున్నది.

రెండు రూపాల సహజీవనం

12వ శతాబ్దం నుంచి వర్తమాన నిబంధనలో అసంపూర్ణ భూతం, నిబంధనార్థకం అనే జంట సంభావనార్థకానికి సమాంతరంగా పుంజుకుంది. దాని పోలికపైనే గతానికి పూర్వభూతం, భూత నిబంధనార్థకం అనే జంట ఏర్పడింది. పాత సంయుక్త సంభావనార్థకం వెంటనే తొలగిపోలేదు. 17వ శతాబ్దపు గద్యంలో రెండూ కలిసి జీవించాయి. క్లియోపాత్రా నాసిక గురించి పాస్కల్ (1623–1662) ‘పాఁసే’లో వ్రాసిన ప్రసిద్ధ వాక్యంలో నిబంధన భాగం సంభావనార్థక పూర్వభూతంలోనూ, ఫల భాగం భూత నిబంధనార్థకంలోనూ ఉన్నాయి. పాత కొత్త పద్ధతులు ఒకే వాక్యంలో ఇరుగుపొరుగులయ్యాయి.

ఈ సహజీవనపు అవశేషమే పాఠశాల వ్యాకరణాలు ‘భూత నిబంధనార్థకపు రెండవ రూపం’ అని పేర్కొనే ‘జ్యూస్ షాంతే’. రూపరీత్యా ఇది సంభావనార్థక పూర్వభూతమే. నేటి సంభాషణలో ఇది వినిపించదు. గ్రాంథిక రచనలో, ముఖ్యంగా ప్రథమ పురుషైకవచనంలో, నిలిచి ఉంది. పాత ముద్రణలు చదివేవారు లిపిభేదాన్నీ గమనించాలి. నేడు ‘ఎ’గా ఉచ్చరించే ఈ ప్రత్యయాలను పూర్వం వేరే వర్ణక్రమంతో వ్రాసేవారు. వోల్టేర్ సమర్థించిన కొత్త వర్ణక్రమాన్ని ఫ్రెంచి అకాడమీ 1835 నాటి నిఘంటువులో స్వీకరించింది.

‘సి’ తరువాత నిబంధనార్థకం కూడదన్న నియమాన్ని ఫ్రెంచి పిల్లలు నేటికీ తప్పుతుంటారు. ఈవ్ రొబేర్ 1962లో తీసిన ‘లా గేర్ దె బుతోఁ’ చిత్రంలో ఒక పసివాడి మాట ఈ కారణంగానే జనశ్రుతి పొందింది. ‘సి’ తరువాత నిబంధనార్థకం వాడడం ఒక దోషం, ‘వచ్చు’ క్రియకు ఎత్ర్ బదులు అవ్వార్ చేర్చడం రెండవది. మొదటి దోషాన్ని కేవలం అజ్ఞానంగా భావించనవసరం లేదు. రెండు వాక్యాలలో ఒకే రూపం ఉండాలన్న ప్రాచీన సౌష్ఠవాన్నే అది కొత్త సామగ్రితో పునరుద్ధరిస్తున్నది.

వ్యాకర్తల దృష్టి

ఇది కాలమా, క్రియాప్రకారమా అన్న విషయంలో వ్యాకర్తలకు ఏకాభిప్రాయం లేదు. 18వ శతాబ్దంలో బోజే దీనిని ‘స్యుపొజితిఫ్’, అంటే ఊహార్థకం, అనే ప్రత్యేక ప్రకారంగా పరిగణించాడు. పాఠశాల సంప్రదాయం కూడా చాలాకాలం ప్రత్యేక ప్రకారంగానే బోధించింది. ఆధునిక భాషావేత్తలలో అనేకులు దీనిని నిశ్చయార్థక కాలాలలో చేర్చారు. ‘మధ్యాహ్నానికల్లా పని పూర్తిచేసి ఉంటానని అతడు చెప్పాడు’ వంటి వాక్యాలలో ఫ్రెంచి ఇదే రూపాన్ని వాడుతుంది. అక్కడ నిబంధన లేదు, అభావం లేదు. గతం నుంచి చూసిన భవిష్యత్పూర్తి మాత్రమే ఉంది. లాటిన్ మూలార్థం అందులో చెక్కుచెదరలేదు.

తెలుగుతో పోలిక, అనువాద సమస్య

తెలుగు చేదర్థకం ‘-తే’ నిబంధనను తెలుపుతుంది. ఫలవాక్యంలో వచ్చే ‘ఉండేవాడు’, ‘ఉండేది’ అన్నవి అసలు గతకాలపు అలవాటునూ స్థితినీ తెలిపే రూపాలు. ‘చిన్నతనంలో ఈ ఊళ్లోనే ఉండేవాడు’ అన్నప్పుడు అది జరిగిన విషయం. ‘పిలిచి ఉంటే వచ్చి ఉండేవాడు’ అన్నప్పుడు జరగని విషయం. పరస్పర సంబంధం లేని రెండు భాషలు ముగింపు లేని గతరూపాన్నే జరగని గతానికి ఎన్నుకోవడం విశేషం.

అయితే సామ్యం ఇక్కడితో ఆగుతుంది. ఫ్రెంచి పత్రికలు ధ్రువపడని వార్తకు కూడా భూత నిబంధనార్థకాన్నే వాడుతాయి. ‘ల మినిస్త్ర్ ఒరె రెస్యూ ద లర్జాఁ’ అన్న వాక్యాన్ని పాఠ్యపుస్తక సూత్రంతో అనువదిస్తే ‘మంత్రి డబ్బు తీసుకొని ఉండేవాడు’ అవుతుంది. అప్పుడు పాఠకుడు ‘తీసుకోలేదన్నమాట’ అని గ్రహిస్తాడు. నిశ్చయార్థకంగా ‘తీసుకున్నాడు’ అంటే ఆరోపణ నేరనిర్ధారణగా మారిపోతుంది. ఒక అనువాదం నిందితుణ్ణి విడిచిపెడుతుంది, మరొకటి శిక్షిస్తుంది. మూలం ఈ రెండు పనులూ చేయలేదు. విలేకరి తాను పూచీపడటం లేదని మాత్రమే చెప్పాడు. తెలుగులో ఆ పని వాడుకభాషలో ‘తీసుకున్నాడట’ అన్న రూపానిది, పత్రికాభాషలో ‘తీసుకున్నట్లు ఆరోపణ’, ‘తీసుకున్నట్లు సమాచారం’ అన్న ప్రయోగాలది. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం వంటి తెలుగు ప్రాంతపు ఫ్రెంచి పత్రాలను చదివే పరిశోధకులకు ఈ విచక్షణ మరింత అవసరం. పాలనాపత్రంలోని ఒక ‘ఒరె’ జరగని పనికి చెందినదా, విన్న మాటకు చెందినదా అన్న నిర్ణయంపై ఒక వ్యక్తి చరిత్రే ఆధారపడవచ్చు.

ముగింపు

భూత నిబంధనార్థకపు మూడు ప్రయోజనాలు మూడు వేర్వేరు అర్థాలు కావు. గతంలో నిలిచి ముందుకు చూసే ఒకే దృష్టికి సందర్భం ఇచ్చిన మూడు ఫలితాలు. ‘సి’ ఉపవాక్యం తోడైతే అది జరగని పని. చెప్పాడు, అనుకున్నాడు వంటి గతకాలిక క్రియ పైన ఉంటే గతకాలపు భవిష్యత్తు. ఆ రెండూ లేని వార్తావాక్యంలో అది ఇతరుల మాట. ఫ్రెంచి ఒకే రూపంలో ఇమిడ్చిన దానిని తెలుగు ‘ఉండేవాడు’, ‘ఉంటానని’, ‘అట’ అని మూడుగా విభజించుకుంది. కనుక అనువాదకుడు ముందుగా క్రియను కాక, క్రియ చుట్టూ ఉన్న వాక్యాన్ని చదవాలి.