రోము వీధుల్లో బండి, పల్లకి, రంగు టోపీ

రోము అనగానే మన పాఠ్యపుస్తకాలు రాతి రోడ్ల గురించి చెప్తాయి. అంత గట్టి రోడ్లు వేసిన జాతి ఇంకోటి లేదంటాయి. ఆ రోడ్ల మీద ఎవరు నడిచారు, ఎవరు ఎవరి భుజాలెక్కి పోయారు, ఎవరు పక్కకు తప్పుకున్నారు అన్నది మాత్రం చెప్పవు. మేం ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడుతున్నాం.

దక్షిణ ఇటలీలోని హెరాక్లియా దగ్గర 1732లో కంచు పలకలు బయటపడ్డాయి. వాటి మీద చెక్కిన చట్టం క్రీ.పూ. 45 నాటిదనీ, జూలియస్ సీజరు చేసిందనీ చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పగటి పదో గంట దాకా, అంటే మన లెక్కలో సాయంత్రం నాలుగు ప్రాంతం దాకా, రోము వీధుల్లో బండ్లు తిరగకూడదన్నది అందులో ఒక నియమం. దీనికి మినహాయింపులున్నాయి. గుడి కట్టడానికి రాళ్లు తెచ్చే బండ్లు, పూజారుల బండ్లు, వెస్టా దేవత కన్యల బండ్లు, విజయోత్సవ రథాలు పోవచ్చు. ఇంకో మినహాయింపు కూడా ఉంది: రాత్రి వచ్చి ఖాళీగా తిరిగిపోయే బండ్లూ, ఊరి పెంట మోసుకుపోయే బండ్లూ పగలైనా పోవచ్చు. పూజారి బండి, పెంట బండి ఒకే చట్టంలో పక్కపక్కనే ఉన్నాయన్నమాట.

పగలు జనానికి దారి దొరికింది, బాగానే ఉంది. మరి సరుకు? ధాన్యం, నూనె, కలప, ఇటుక అన్నీ రాత్రిపూట దొర్లుకుంటూ వచ్చాయి. బండిచక్రాల రొదకు అద్దెకొంపల్లో ఉన్నవాళ్లకి నిద్రుండదనీ, రోములో రోగులు నిద్రలేకనే చస్తారనీ జువెనల్ అనే కవి వెటకారంగా రాశాడు. పెద్దింటి వాడికి వీధికి దూరంగా లోపలి గదులుంటాయి. పేదవాడికి అద్దెమేడలో పై అంతస్తు, వీధి వైపు కిటికీ. ట్రాఫిక్ చట్టం అందరికీ ఒకటే అంటారు. దాని బరువు మాత్రం అందరి మీదా ఒకేలా పడదు.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి పల్లకి. క్రీ.శ. 41 నుంచి 54 దాకా ఏలిన క్లాడియస్ చక్రవర్తి, ఇటలీ పట్నాల గుండా పోయే ప్రయాణికులు కాలినడకనో, కుర్చీలోనో, పల్లకీలోనో పోవాలని ఆజ్ఞాపించాడు. ఎద్దు లాగితే బండి, నిషేధం. మనిషి మోస్తే బండి కాదు! ఆరుగురో ఎనిమిదిమందో బానిసల భుజాల మీద, లోపల పడుకుని చదువుకుంటూ పోయే ధనికుడికి గుంపు దారి ఇవ్వాల్సిందే. కింద నడిచేవాడికి మోచేతి పోట్లు, సైనికుడి మేకుల చెప్పు కింద నలిగే కాలివేళ్లు. ఇదీ జువెనల్ చూసిన వీధే.

వీధిని శుభ్రంగా ఉంచింది ఎవరు? క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పడిన పాంపేయిలో వీధికి అడ్డంగా వేసిన ఎత్తు రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కింద పారే మురికి కాళ్లకు అంటకుండా వాటి మీద అడుగేసి దాటేవాళ్లు. రాళ్ల మధ్య సందుల్లోంచి బండిచక్రాలు పోయేవి. ఆ మురికిలో దిగి పనిచేసినవాళ్ల మాట ట్రాజన్ చక్రవర్తి ఉత్తరంలో తెలుస్తుంది. క్రీ.శ. 110 ప్రాంతంలో బిథినియా పాలకుడు ప్లినీ ఆయన్ని ఒక సందేహం అడిగాడు: శిక్షపడ్డ ఖైదీలు పట్నాల్లో ప్రభుత్వ బానిసల పనులు చేసుకుంటూ బతుకుతున్నారు, ఏం చేయమంటారు? వాళ్లలో పదేళ్లకు ముందే శిక్షపడ్డ ముసలివాళ్లని స్నానశాలలకి, మురుగుకాల్వలు తీయడానికి, రోడ్లు వేయడానికి పెట్టమన్నాడు ట్రాజన్. ఎందుకంటే ఆ పనులు శిక్షకు దగ్గరగా ఉంటాయట. చక్రవర్తే ఒప్పుకున్న మాట ఇది.

నేపుల్స్ పక్కన పుతియోలి అనే రేవు పట్నం ఉండేది. అక్కడి శాసనం ఒకటి చదివినప్పుడు మాకు కాసేపు మాట రాలేదు. శవాలు మోసే పనివాళ్లు ఊళ్లోకి ఊరికే రాకూడదు. శవాన్ని తీయడానికో, శిక్ష అమలు చేయడానికో మాత్రమే రావాలి. వచ్చినప్పుడల్లా తలమీద రంగు టోపీ ఉండాలి. కొక్కెంతో శవాన్ని ఈడ్చుకుపోవాల్సి వస్తే ఎర్రబట్టలు వేసుకోవాలి, గంట మోగాలి. పేష్వాల పూనాలో అంటరానివాడు నడుముకు చీపురు, మెడలో ముంత కట్టుకు తిరగాల్సి వచ్చిందని అంబేడ్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశాడు. ఆ చీపురు, ఈ టోపీ చేసే పని ఒకటే: ఎదురొచ్చేవాడికి ముందే హెచ్చరిక.

అలాగని రెండూ ఒకటే అనడం లేదు, ఆ తొందరపాటు వద్దు. రోము బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ అంబేడ్కరే పక్కపక్కన పెట్టి చూశాడు. రోములో పౌరుడైన యజమాని పద్ధతి ప్రకారం విడుదల చేస్తే బానిస పౌరుడయ్యేవాడు, ఆ తర్వాత పుట్టిన పిల్లలు స్వేచ్ఛగా పుట్టినట్టే లెక్క. రోము నగర ద్వారం ఒకదాని పక్కన యూరిసాసెస్ అనే రొట్టెల వ్యాపారి సమాధి ఇప్పటికీ నిలబడి ఉంది. అతను విడుదలైన బానిసే అయి ఉంటాడని చరిత్రకారులు అంటారు. సమాధి పైభాగంలో పిండి విసరడం దగ్గర్నుంచి రొట్టెలు తూచడం దాకా తన పనినంతా వరసగా చెక్కించుకున్నాడు. రెండు రోడ్లు కలిసేచోట, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా.